మా అమ్మ చదివిన మొదటి పుస్తకం

మా నాయన సారా ప్యాకెట్టును పంటితో కొరికి తెరిచేవాడు. మూలన చిన్న ముక్క తెగేది. దాన్ని తుప్పుమని ఊసి, తల వెనక్కి వాల్చి, ప్యాకెట్టును పిండి గొంతులో పోసుకునేవాడు. ఊసిన ఆ ప్లాస్టిక్ ముక్కలు వాకిట్లో, అరుగు కింద, మంచం కోళ్ళ దగ్గర పడుండేవి. ఒక్కొక్కటి వేలి గోరంత. పొద్దున్నే మా అవ్వ వాకిలి చిమ్మకముందే లేచి నేను వాటిని ఏరి లెక్కపెట్టేదాన్ని. రెండుంటే రాత్రి నాయన అన్నం తిన్నట్టు. నాలుగుంటే తినకుండా పడుకున్నట్టు. అంతకు మించి ఉన్న రోజు లెక్కతో పనిలేదు, అమ్మ మొహం చూస్తే తెలిసిపోయేది. బళ్ళో పంతులు నేర్పకముందే నాకు అంకెలు అలా వచ్చాయి.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. కలిగిరికి పడమటి పక్కన చిన్న ఊరు. నెల్లూరంటే పైవాళ్ళకు పెన్నా కాలవలు, మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి గానీ మా వైపుకు ఆ నీళ్ళు రావు. వాన పడితే చెరువు కింద నాలుగు మళ్ళు వరి, లేదంటే జొన్న, కంది, పొగాకు. అందుకని బావులు తవ్వేవాడికి మా దగ్గర ఏడాది పొడుగునా పని దొరికేది. నాయనది ఆ పనే. ముప్పై, నలభై అడుగుల లోతులో రాతిపొర మీద సమ్మెట కొట్టి, తూటా పేల్చి, రాళ్ళు తట్టలకెత్తి పైకి పంపాలి. సాయంత్రం పైకొచ్చేసరికి కనురెప్పల మీద, చెవుల్లో తెల్లగా రాతిపిండి. వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకునేవి కావు. అప్పుడు మేస్త్రీ చీటీ ఇచ్చేవాడు. కూలి డబ్బు శనివారం నాడే, చీటీ మాత్రం రోజూ. చీటీ పట్టుకుని సారాయంగడికి పోతే ప్యాకెట్లు ఇచ్చి పుస్తకంలో రాసుకునేవాళ్ళు. శనివారం అది కూలిలోంచి తెగేది. "ఒళ్ళు నొప్పులకు మందురా" అనేవాళ్ళు. నొప్పికని తాగడం మొదలుపెట్టిన మనిషికి తాగకపోతేనే నొప్పి పుట్టే రోజు ఎప్పుడొచ్చిందో మా ఇంట్లో ఎవరమూ గమనించలేదు. ఆయనా గమనించలేదు.

మా అవ్వ చిన్నతనంలోనూ ఊళ్ళో తాగేవాళ్ళున్నారు. కల్లు కాలంలో కల్లు, ఎక్కడో తోపుల్లో కాచిన నాటుసారా. కానీ అప్పుడు తాగాలంటే మనిషి సారాను వెతుక్కుంటూ పోవాలి. మా కాలానికి సారాయే మనిషిని వెతుక్కుంటూ వచ్చింది. 1980ల్లో 'వారుణి వాహిని' అని పేరుపెట్టి ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపించి పంపింది. జేబులో పడుతుంది, పగలదు, మొలలో దోపుకున్నా కనపడదు. బస్సు రాని ఊళ్ళకు సైకిలు మీద గోతాల్లో వచ్చేది. మా ఊరికి మంచినీళ్ళ ట్యాంకు లేదు, డాక్టరు లేడు, పక్కా రోడ్డు లేదు. సారా మాత్రం ఒక్క పొద్దు తప్పేది కాదు. ఈ మాట మా అమ్మ తర్వాత చాలాచోట్ల చెప్పింది. నెల్లూరు జిల్లాలో ఏ ఊరి ఆడమనిషిని కదిపినా ఆ రోజుల్లో ఇదే మాట చెప్పేది.

కొట్టేవాడా అంటే కొట్టేవాడు. దాని గురించి ఎక్కువ రాయలేను. అమ్మ చెవి కమ్మలు ఒకరోజు కనపడలేదు, ఆ చెవి తమ్మె చిరిగి ఉంది, అంతవరకు రాస్తాను. తాగని పూట ఆయనంత మెత్తని మనిషి లేడన్నది కూడా రాయాలి. తాటికాయలతో నాకు బండి చేసిచ్చేవాడు. ఎండాకాలం పనికి పోతూ దారిలో చెట్టెక్కి ముంజలు కోసి, తాటాకులో చుట్టి, ఇంటికి పోయేవాళ్ళ చేత నాకు పంపేవాడు. ఒకసారి ఐదు రూపాయల నోటిచ్చి నన్ను అంగడికి తోలాడు. ప్యాకెట్లు తెచ్చే దారిలో పాడుబావి దగ్గర ఆగి రెంటినీ అందులో పారేసి, కిందపడి పగిలాయని చెప్పాను. అవి పడితే పగిలేవి కావని ఆయనకు తెలుసు. ఆ రాత్రి దెబ్బలు పడ్డాయి. పొద్దున నా వీపు చూసి, ఏమీ మాట్లాడకుండా కొబ్బరి నూనె రాశాడు. ఆయన చేతులు వణుకుతుండేవి, నూనె చుక్కలు నా గౌను మీద పడ్డాయి. నాకు నొప్పి పెట్టి ఏడుస్తున్నాననుకుని ఇంకా మెల్లగా రాశాడు.

1991 ఎండాకాలం దాటాక ఊళ్ళోకి కళాజాత వచ్చింది. డప్పు, పాటలు, చిన్న నాటకం. చదువురాని వాళ్ళంతా రాత్రిబడికి రావాలని చెప్పారు. 'అక్షరదీపం' అన్నారు. జిల్లా అంతా ఆ రెండేళ్ళూ అదే హడావిడి. మా ఊళ్ళో పదో తరగతి పాసై ఖాళీగా ఉన్న ఒకన్న వాలంటీరు. రామమందిరం ముందు పందిట్లో, స్తంభానికి లాంతరు కట్టి, రాత్రి ఎనిమిదికి మొదలు. మొదటి రోజు ఐదుగురే వచ్చారు. మొగోళ్ళు నవ్వారు. "ముసలి మొగుళ్ళకు జాబులు రాయాల్నా?" అన్నారు. అమ్మ పోతానంటే నాయన ఒద్దనలేదు. ఆ వేళకు ఆయన ఒద్దనే స్థితిలో ఉండేవాడు కాదు.

పగలంతా పొగాకు తోటలో నారునాటే చెయ్యి. బలపం పట్టుకుంటే జారిపోయేది. అమ్మ పలక మీద 'ళ' రాయలేక మూడు రాత్రులు అవస్థ పడింది. నేను చెయ్యి పట్టి దిద్దించబోతే విదిలించుకుని, "ఉండవే, నేనే రాస్తా" అంది. నాలుగో రాత్రి రాసింది. రాసి, చెరపనివ్వలేదు. పలకను అలాగే తీసుకొచ్చి దీపం గూట్లో పెట్టింది. పొద్దున నాయన లేచి ఆ పలకను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయనకూ చదువు రాదు.

చదవడం కాస్త వచ్చాక ఇచ్చిన పుస్తకంలో ఒక పాఠం ఉంది, 'ఆడవాళ్ళు ఏకమైతే' అని. దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళంతా కూడి సారాయంగడి మూయించిన సంగతి. దూబగుంట మాకు కొత్తగాదు. కలిగిరి మండలమే. మా చిన్నమ్మను ఇచ్చింది ఆ పక్క ఊరికే. పుస్తకంలో అచ్చయిన మాటలంటే ఎక్కడో ఢిల్లీలో, హైదరాబాదులో జరిగేవని అనుకున్న ఆడవాళ్ళకు, సంతలో తమ పక్కన కూర్చుని మిరపకాయలు కొనే మనుషుల కథ అందులో కనబడింది. ఆ రాత్రి పాఠం అయ్యాక ఎవరూ లేవలేదు. వాలంటీరన్న లాంతరు వత్తి రెండుసార్లు పెంచాడు. "నిజంగా మూసేశారా?" అని మూలింటి అత్త అడిగింది. అన్న "నిజమే అత్తా" అన్నాడు. "పోలీసులు రాలేదా?" "వచ్చినారంట." "మరి?" "మరేముంది, ఆడోళ్ళు కదల్లేదంట." ఆ ఆడవాళ్ళకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే మొదట విన్నాను. ఆమె 2016లో చనిపోయినప్పుడు అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. ఇద్దరూ కలిసింది ఒకటి రెండుసార్లే.

ఇంక ఆ పుస్తకం సంగతి.

1992 వానల ముందు, శనివారం. మేస్త్రీ కూలి లెక్కగట్టి నాయన చేతిలో పన్నెండు రూపాయలు పెట్టాడు, ఆరు రోజుల కష్టానికి. అమ్మ ఆ పన్నెండు రూపాయలు కొంగున ముడేసుకుని, నా చెయ్యి పట్టుకుని, నేరుగా సారాయంగడికి నడిచింది. ఆడమనిషి ఆ గుమ్మం ముందు నిలబడటం అదే మొదలు. అంగడాయన బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం, దాని మీద సైకిలు చెయిను ముక్క బరువుకు పెట్టి ఉంది. "మా లెక్క చూపీ అబ్బయా" అంది. ఆయన నవ్వాడు. "నీకేం తెలస్తది మా, మేస్త్రీని అడుగు." అమ్మ చెయిను ముక్క పక్కకు నెట్టి పుస్తకం తీసుకుంది. లాక్కోలేదు, బియ్యం చేట తీసుకున్నంత నింపాదిగా తీసుకుంది.

పేజీలు తిప్పుతూ పోయింది. చూపుడు వేలు పైనుంచి కిందకు జారుతూ ఒకచోట ఆగింది. నాయన పేరు. ఆ పేరును కూడబలుక్కుంటూ చదివింది, పక్కన అంకెలు చదివింది. సోమవారం రెండు. మంగళవారం మూడు. మా అమ్మ గొంతులో ఆ అంకెలు వినబడుతుంటే నాకు వాకిట్లో ప్లాస్టిక్ ముక్కలు కళ్ళ ముందు కదిలాయి. నా లెక్క, ఆ పుస్తకం లెక్క దాదాపు సరిపోతున్నాయి. అక్కడక్కడ మాత్రం పుస్తకంలో రెండు మూడు ఎక్కువున్నాయి. కింద మొత్తం: 640 రూపాయలు బాకీ. కోసుకున్నవి పోను.

అప్పటికి అంగడి ముందు పదిమంది ఆడవాళ్ళు చేరారు. "నా మొగుడిది చదువు మే" అంది మూలింటి అత్త. అమ్మ చదివింది. "మా వోడిది." చదివింది. ఒక్కొక్క పేరుకూ ఆగి, ఒత్తులు తడుముకుంటూ, తప్పయితే మళ్ళీ వెనక్కి పోయి. కొడుకు చచ్చిపోయి ఆరునెలలైన ముసలామె ఒకామె ఉంది గుంపులో. ఆమె కొడుకు పేరు మీద చనిపోయిన తర్వాత తేదీల్లో కూడా ప్యాకెట్లు రాసున్నాయి. ఆ బాకీ ఆమె చేనుకోత కూలిలో తెగుతూనే ఉంది. అది చదివినప్పుడు అమ్మ ఆపేసింది. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ముసలామె మాత్రం "ఇంకోసారి చదువమ్మా" అంది. అమ్మ ఇంకోసారి చదివింది.

ఆ సాయంత్రమే అంగడిలోని గోతాలు బయటకొచ్చాయి. దళితవాడ ఆడవాళ్ళు ముందు కదిలారు, మా వీధి వాళ్ళు వెనక. కొడవళ్ళతో ప్యాకెట్లు కోసి బజారు మధ్యలో పారబోశారు. ఆ మట్టి రెండు రోజులు వాసనేసింది. పుస్తకాన్ని కూడా కాల్చేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఇందులో మన చెమట లెక్కుండాది. ఇది నా దగ్గరుంటది" అని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వెనక సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆ తర్వాత నాలుగైదు నెలలు జిల్లా అంతా ఎలా ఉందో ఆ వయసులో నాకు తెలిసింది కొంచెమే. ఈనాడు పేపరు రోజూ ఊరికి తెప్పించి వాలంటీరన్న పైకి చదివేవాడు. ఫలానా ఊళ్ళో కారం పొడి పట్టుకుని రోడ్డుకు అడ్డం కూర్చున్నారని, ఇంకో ఊళ్ళో కాంట్రాక్టరు జీపును వెనక్కి తిప్పారని, తాగొచ్చిన మొగుళ్ళకు అన్నం పెట్టకూడదని తీర్మానం చేసుకున్నారని. మా ఊరి ఎల్లలో కూడా రాత్రిళ్ళు నలుగురు చొప్పున కాపలా. అమ్మ వంతు రోజున నేనూ పోయేదాన్ని. పలుగు, రోకలి, చీపురు, పొట్లంలో కారం. కారం ఎవరి మీదా చల్లే అవసరం రాలేదు. ఒకరాత్రి జీపు లైట్లు దూరాన కనబడి, ఆగి, తిరిగి వెళ్ళిపోయాయి. అప్పుడు ఆడవాళ్ళు నవ్విన నవ్వు అంతకు ముందు నేను మా ఊళ్ళో వినలేదు.

సారా, మద్యం మీద రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చే అబ్కారీ ఆదాయం 1970–71లో 39 కోట్లని, 1991–92 నాటికి 812 కోట్లని వాలంటీరన్న ఒకరోజు చదివాడు. అమ్మ అడిగింది, "అందులో మన ఆర్నూట నలభై కూడా ఉండాదా?" అన్న కాసేపు ఆలోచించి "ఉండాది అక్కా" అన్నాడు.

చాలామంది అప్పుడూ ఇప్పుడూ అనే మాట, మొగుళ్ళను సరిచేసుకోవడం చేతగాక అంగడి మీద పడ్డారని. మా అమ్మ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేల్చుకునే పోయింది. ఇంట్లో మనిషిని ఎన్నోసార్లు బతిమాలింది, తిట్టింది, పుట్టింటికి పోయింది, తిరిగొచ్చింది. ఆయన మానేద్దామనుకున్న ప్రతి సాయంత్రమూ మేస్త్రీ చేతిలో చీటీ ఉండేది. ఆ చీటీ వెనక అంగడి, అంగడి వెనక కాంట్రాక్టరు, కాంట్రాక్టరు వెనక సర్కారు పెట్టే సారా వేలంపాట. అందుకే వేలంపాట ఆపాలని అందరూ నెల్లూరు కదిలారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ పాట మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. పాట పెట్టిన ప్రతిసారీ ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వేల సంఖ్యలో పోయి కూర్చున్నారు.

అలా అమ్మ నెల్లూరు పోయినప్పుడే ఇంట్లో అది జరిగింది.

మా ఊరి అంగడి మూసినా నాయన పక్క ఊళ్ళ నుంచి తెచ్చుకుని తాగుతుండేవాడు. ఆ వారంలో ఆ ఊళ్ళలోనూ బందయింది. మొదటి రోజు ఆయన మంచం దిగలేదు. చెమటలు పట్టాయి. చెంబు పట్టుకుంటే నీళ్ళు గుండె మీద ఒలికాయి. అవ్వ సంతోషపడింది, "ఒంట్లో విషం దిగిపోతుండాదిలే" అని. రెండో రోజు సాయంత్రం ఆయన ఒళ్ళంతా కొయ్యబారి, పళ్ళు కరుచుకుని, కాళ్ళు చేతులు కొట్టుకున్నాడు. నోట్లో నురగ. అవ్వ తాళాలగుత్తి చేతిలో పెట్టింది. కాసేపటికి తెప్పరిల్లాడు గానీ నన్ను గుర్తుపట్టలేదు. మూడో రాత్రి లేచి కూర్చుని గోడ మీద ఏవో ఏరడం మొదలుపెట్టాడు. "చీమలు... గండు చీమలు..." అని వేళ్ళతో ఒక్కొక్కటే పట్టి పక్కన పడేస్తున్నాడు. అక్కడ ఏమీ లేవు. బావిలో ఎవరో ఉన్నారు, తూటాకు నిప్పు పెట్టొద్దని కేకలేశాడు. ఇంట్లో దీపం వెలుగులో ఆయన కళ్ళు నా వైపే ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

ఊరంతా గాలి సోకిందంది. మంత్రం వేసేవాణ్ణి పిలిచారు. మిరపకాయలు నిప్పుల్లో వేసి పొగపెట్టారు. వేపమండలతో కొట్టారు. నాకు పదకొండేళ్ళు. పరిగెత్తిపోయి వాలంటీరన్నను లేపాను. ఆయన ఎద్దుల బండి కట్టించి కలిగిరికి, అక్కడినుంచి జీపులో నెల్లూరికి తీసుకుపోయాడు. అమ్మ ధర్నా నుంచి లేచి ఆసుపత్రికి వచ్చింది, చేతిలో ఇంకా నినాదాల అట్ట ఉంది. ముసలి డాక్టరు ఒకాయన నాయన నాలుక, కళ్ళు చూసి, రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేశాడా అని అడిగాడు. అమ్మ తలూపింది. "చాలాకాలంగా తాగిన ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే ఇట్లా తిరగబడుతుందమ్మా. ఇంకొక్క రాత్రి ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అన్నాడు. అమ్మ ఆ అట్టను గోడకు ఆనించి కింద కూలబడింది. "మేం మూయించింది మంచికా, చెడ్డకా సార్?" అని అడిగింది. ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "మూయించింది మంచికే. మూయించాక మనిషిని మా దగ్గరకు తీసుకురావాలని మీకు ఎవరో ఒకరు చెప్పాల్సింది."

నేను నర్సునైంది ఆ రాత్రి వల్లనే. ఇరవై ఏళ్ళుగా వార్డుల్లో ఈ మూడో రాత్రిని ఎన్నిసార్లు చూశానో. ఏ ఆపరేషనుకో, కాలు విరిగో చేరతాడు మనిషి. తాగుడు సంగతి ఇంటివాళ్ళు సిగ్గుపడి చెప్పరు. ఆరేడు గంటలకే చేతులు వణకడం మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య గోడల మీద చీమలు, పాములు కనబడటం, అరుపులు. అందరికీ ఇంతదాకా రాదు, వచ్చినవాళ్ళకు వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మందులున్నాయి. తగ్గించుకుంటూ ఇస్తారు. బి1 విటమిను ఇంజెక్షను ముందు పడాలి, అది వేయకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు చేటు జరిగే ప్రమాదం ఉంది. ఇంత చిన్న సంగతి మా ఊరికి ఎవరూ చెప్పలేదు. పాటలు వచ్చాయి, నాటకాలు వచ్చాయి, మంత్రులు వచ్చారు, మందు తెలిసిన మనిషి రాలేదు. ఉద్యమాన్ని తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. అది లేకపోతే నేను ఈపాటికి ఏ పొగాకు బ్యారన్ దగ్గరో ఆకు అల్లుతూ ఉండేదాన్ని. కానీ మూడు రోజులు మంచానికి కట్టేసి "మాన్పించామ"ని చెప్పుకున్న ఇళ్ళు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో మనిషి మిగల్లేదు. దాన్ని సారా చావుగా కూడా ఎవరూ లెక్కేయలేదు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అక్టోబరు 1న రాష్ట్రమంతా. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే సంపూర్ణ మద్య నిషేధం మీద సంతకం చేశారు, 1995 జనవరి 16 నుంచి అమలు. ఆ సంతకం వార్త రేడియోలో విని అమ్మ బెల్లం పంచింది. ఆ బెల్లం కొనడానికి డబ్బులు నాయన ఇచ్చాడు.

ఆ నాలుగేళ్ళ గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. శనివారం కూలి మొత్తం ఇంటికొచ్చేది. నాయన దాన్ని అమ్మ చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, ఆమె ఎర్ర అట్ట పుస్తకం వెనక పేజీల్లో రాస్తుంటే చూసేవాడు. బియ్యం ఇంత. నూనె ఇంత. నా బడి ఫీజు ఇంత. తర్వాత ఒక ఎనుము వచ్చింది. పాల లెక్క వచ్చింది. పాకకు తాటాకు తీసేసి పెంకులు వేశారు. నాయన ఒక్కోసారి ఆ పుస్తకాన్ని ముందుకు తిప్పి, "ఇది నా పేరేనా?" అని అడిగేవాడు. అమ్మ "నీదే" అనేది. నా దగ్గర కూర్చుని సంతకం నేర్చుకున్నాడు. ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం ఉన్నచోట వంకరటింకరగా ఆయన రాసిన పేరుంది. అంతకుముందు ఏళ్ళన్నీ వేలిముద్రలే.

1997లో నిషేధం సడలించారు. సారా రాలేదు, బ్రాందీ షాపులొచ్చాయి. ముందు మండలంలో, తర్వాత అక్కడినుంచి సీసాలు తెచ్చి మా ఊరి కిరాణా కొట్లో అమ్మే బెల్టు షాపు. నాయన ఏడాదిపాటు ఆ దారిన పోలేదు. పక్క వీధి చుట్టి పనికి పోయేవాడు. బావుల పని తగ్గి బోర్లొచ్చాక, పనిలేని ఒక మధ్యాహ్నం ఎవరో పోయించారు. ఒక్క గ్లాసే అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, ఆయన నిజంగానే ఒక్క గ్లాసు అనుకునే తాగాడు. అలవాటు పడ్డ ఒంటికి ఒక్క గ్లాసనేది ఉండదని అప్పటికి నర్సింగు చదువుతున్న నేనే ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. కోప్పడ్డాను. సెలవులకు ఇంటికొచ్చి మాట్లాడకుండా తిరిగిపోయాను ఒకసారి. బస్టాండు దాకా వెనకాలే వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, తాటాకు పొట్లం అందించాడు. ముంజలు. నేను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను గానీ ఆయన మొహం చూడలేదు.

2003లో పొట్ట ఉబ్బి, కాళ్ళకు నీరొచ్చి, కళ్ళు పసుపెక్కి మంచాన పడ్డాడు. లివరు గట్టిపడిపోయింది. రెండుసార్లు నీరు తీశారు. మూడోసారి తీసేలోపు నెత్తురు కక్కుకున్నాడు. పోయేముందు రెండు రోజులు తెలివిలోనే ఉన్నాడు. అమ్మను "ఆ పుస్తకంలో నా బాకీ కొట్టేసినావా?" అని అడిగాడు. అమ్మ కొట్టేశానంది. కొట్టేయలేదు. ఆయన పోయిన పదకొండో రోజు తర్వాత పుస్తకం తీసి, ఆ పేజీలో పేరు మీద కాకుండా, అంకె మీద మాత్రం అడ్డంగా గీత గీసింది.

2019లో ఎయిమ్స్ వాళ్ళు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే వివరాలు మా ఆసుపత్రి మీటింగులో చదివారు. దేశంలో తాగేవాళ్ళు 16 కోట్లు. అందులో వైద్యసాయం కావలసినంత ముదిరినవాళ్ళు 5.7 కోట్లకు పైనే. తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా ముప్పై ఏడుగురి ఇళ్ళు ఎలా ఉంటాయో నాకు చదవక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. అమ్మకు డెబ్భై దగ్గరపడ్డాయి. కిరాణా కొట్టు అదే, బెల్టు షాపూ అందులోనే. అరువు పుస్తకం లేదు, ఫోనుతో డబ్బు కొట్టే గళ్ళ బొమ్మ అతికించి ఉంది. కనుమ నాటి సాయంత్రం పక్కింటి కోడలు వచ్చింది, చంకలో బిడ్డ. మొగుడు ఆటో తోలతాడు. పొద్దున లేవగానే క్వార్టరు పడందే చేతులు నిలవవట. "ఈ తూరి వదలను అత్తా. మా యన్నొస్తుండాడు. గదిలో పెట్టి తలుపేసి మూడు రోజులుంచితే అదే మానతాడు" అంది.

అమ్మ కూరగాయలు తరుగుతున్న కత్తిపీట పక్కకు పెట్టేసింది. "తలుపెయ్యమాక మే. నా మాటిను, తలుపు మాత్రం ఎయ్యమాక" అంది. గొంతు వణికింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ నంబరేదో చెప్తివే నువ్వు, ఫోను చేస్తే చెప్తారని" అంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం, టెలిమానస్ నంబరు చెప్పాను. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారని, డబ్బు కట్టక్కర్లేదని, రేపు నేనే వెంట వచ్చి ఆసుపత్రిలో చూపిస్తానని ఆ పిల్లకు చెప్పాను. అమ్మ లోపలికి పోయి పెట్టెలోంచి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చింది. అట్ట రంగు పోయి ఇటుక రంగుకు తిరిగింది. చివరి పేజీల్లో ఖాళీ చోటు వెతికి, నేను చెబుతుంటే ఒక్కో అంకె రాసి, ఆ కాగితం ముక్క చించింది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలోంచి అమ్మ కాగితం చించడం నేను చూడలేదు.

కోడలికి ఇచ్చేముందు కళ్ళజోడు సర్దుకుని, వేలు కింద పెట్టుకుని, సరిగ్గా ఉందో లేదో పైకి చదివింది. "ఒకటి. నాలుగు. నాలుగు. ఒకటి. ఆరు." ఆ పిల్ల "ఇంకోసారి చదువత్తా" అంది. అమ్మ ఇంకోసారి చదివింది.